మొదటి దెబ్బ

కురిచేడు,
5 ఫిబ్రవరి 2025.

కాటమరాజన్నకు ఉష రాయునది.

నీ క్షేమం అడగను. క్షేమంగానే ఉన్నావని వీడియోలో చూశాను. ఇస్త్రీ చొక్కా, మెడలో పార్టీ కండువా, అమ్మ పోయి వారం తిరక్కముందే పళ్ళన్నీ కనపడేటట్టు నవ్వు.

ఫోనుండగా ఉత్తరమేంటి అనుకుంటావేమో. మొన్న ఫోన్లో నిన్ను తిట్టిన తిట్లు ఇప్పుడు దర్శి దాకా వినపడుతున్నాయి. "రోశమ్మ కూతురి ఆగ్రహం" అని పేరు పెట్టి ఎవడో వాట్సాప్‌లో వదిలాడు. మా ఆయన శివకృష్ణ స్టేషన్ దగ్గర టీ తాగుతుంటే పక్క బల్ల మీది ఫోన్లో నా గొంతు మోగిందట. అన్నాచెల్లెళ్ళం మాట్లాడుకున్న మాట నీ వైపు నుంచి కాకపోతే ఎటు నుంచి బయటికి పోయింది? ఇక నీతో ఫోన్లో ఒక్క మాట మాట్లాడను. కాగితాన్నయితే ఎవడూ రికార్డు చెయ్యలేడు.

మార్కాపురంలో ఫ్లెక్సీల దుకాణం పెట్టుకున్నావు, కరుణాకరం మీ పార్టీకి ఇన్‌చార్జి అయినప్పటి నుంచి ఆయన కారు వెనకాల తిరుగుతున్నావు. నీ ఇష్టం, ఏనాడూ వద్దనలేదు. సంతాప సభ పెడతామంటే కూడా సరేనన్నాను. అమ్మ పాట పోయినేడు యూట్యూబ్‌లో లక్షల మంది విన్నారు కదా, నలుగురూ వచ్చి నాలుగు మంచి మాటలు చెప్తే తప్పేముంది అనుకున్నాను. ఆయనేం చెప్పాడు? "రోశమ్మ గారు ఇట్లనే ఇంకా వందేళ్ళు పాడాలని ఆ దేవుణ్ణి కోరుకుంటా ఉండా!" దండ వేసిన పటం ముందు నిలబడి! ఆపైన "అందరూ గట్టిగా చప్పట్లు కొట్టాల" అన్నాడు. జనం కొట్టారు కూడా, బుద్ధిలేని జనం. వెనక ఫ్లెక్సీలో ఆయన నిలువెత్తున ఉన్నాడు, అమ్మ బొమ్మ ఒక మూలన రేషన్ కార్డు ఫొటో అంత ఉంది. ఆ ఫ్లెక్సీ కొట్టింది నీ మిషనే కదా.

అదంతా వదిలేస్తాను. లోకం నవ్వుతోంది, నవ్వుకోనీ. అమ్మ వీరణం ఎందుకు విప్పావు?

మన నాలుగు ఊళ్ళ గొర్రెల మందవాళ్ళ కట్టుబాటు నీకు తెలియనిదా? పాడే మనిషి పోతే ఆ మనిషి వీరణం డోలును గొంగడిలో చుట్టి పెడతారు. పెద్దదినం నాడు తలకు నీళ్ళు పోసుకున్నాక, పాట ఎవరికి దక్కాలో వాళ్ళే విప్పి మొదటి దెబ్బ కొట్టాలి. ఆ దెబ్బ ఎవరిదైతే గంగమ్మ కొలుపులో పాట వాళ్ళది. ఆ చెయ్యి నాదని అమ్మ తన నోటితో చెప్పింది, మందకు పెద్ద ఓబులయ్య మామ ముందర చెప్పింది. పెళ్ళయి కురిచేడు వచ్చాక కూడా ఒక్క కొలుపు తప్పకుండా ఆమె వెనక నిలబడి వంత పాడింది నేను. పెద్దదినం ఇంకా రాకముందే నువ్వు గొంగడి విప్పేసి ఆయన మెడలో వేశావు. ఆయన ఫొటోల కోసం దబదబా బాదాడు. కాళ్ళకు బూట్లతో.

మనవాళ్ళు ఏమంటున్నారో తెలుసా? పాట ఇప్పుడు కరుణాకరం చేతికి పోయిందంటున్నారు. నా నోరు కట్టేశావు అన్నా. పెద్దదినానికి వస్తావుగా, వచ్చి అందరి ముందర దీనికి జవాబు చెప్పు.

ఉష

*

మార్కాపురం,
10 ఫిబ్రవరి 2025.

చెల్లెలు ఉషారాణికి అన్న కాటమరాజు ఆశీస్సులు. తీసుకుంటావో లేదో నీ ఇష్టం.

పెద్దదినం నాడు జవాబు చెప్పమన్నదానివి, నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మీ వదిన మాధవి పలకరిస్తే పక్కకు తిరిగావు. అందుకే నేనూ కాగితం పట్టుకున్నాను. మాధవి చూసి "ఈ కాలంలో ఉత్తరాలేంది, అన్నాచెల్లెళ్ళకు పిచ్చిగానీ పట్టిందా" అంటోంది.

ముందు ఆ రికార్డు సంగతి. నువ్వు ఫోన్ చేసినప్పుడు నా చేతుల నిండా రంగు, అందుకని స్పీకర్ పెట్టాను. దుకాణంలో బ్యానర్ల కోసం వచ్చినవాళ్ళు ఆరేడుగురు ఉన్నారు. ఎవరు చేశారో ఆ పాడుపని, నాకు తెలియదు. కానీ ఇక్కడ మావాళ్ళు అంటున్నది వేరే. నువ్వే అవతలి పార్టీకి ఇచ్చావంటున్నారు. వాళ్ళ ప్రెస్‌మీట్‌లో మొదలుపెట్టడమే నీ గొంతుతో మొదలుపెట్టారు. వాళ్ళతో మాట్లాడావా లేదా? సూటిగా చెప్పు.

ఇక సభ సంగతి. నేను రెండు పేజీలు రాసిచ్చాను ఉషా. అమ్మ ఎక్కడ పుట్టింది, నాయన మంద తోలుకుని అడవికి పోతే మనల్ని ఎట్లా సాకింది, ఎన్ని ఊళ్ళ కొలుపుల్లో పాడింది, అంతా రాశాను. ఆయన జేబులో పెట్టుకుని, "మనింటి మనిషి గురించి చెప్పేదానికి కాగితం ఏందిరా కాటమా" అని స్టేజీ ఎక్కాడు. అంతకు గంట ముందు దర్శిలో ఎవరిదో పుట్టినరోజు సభలో మాట్లాడి వచ్చాడు, అదే నోటికి వచ్చేసింది. వందేళ్ళు అనగానే నేను నవ్వలేదు, నోరు బిగుసుకుపోయింది. వీడియోలో అది నీకు నవ్వులా కనపడింది.

నీకు ఒక్కదానికే మంటగా ఉందనుకోకు. ఇక్కడ నేను తలెత్తుకోలేకపోతున్నాను. మంగలి షాపులో, బస్టాండులో, ఎక్కడ చూసినా అదే రీలు. మొన్న ఒకడు దుకాణానికి వచ్చి, "కాటమా, మా తాత పోయినాడు, వందేళ్ళు బతకాలని ఒక ఫ్లెక్సీ కొట్టియ్యి" అన్నాడు. గల్లా పట్టుకోబోయాను, పక్కవాళ్ళు ఆపారు.

నువ్వు బాధపడ్డది న్యాయమే. ఆయన చేత తప్పు ఒప్పించే పూచీ నాది. ఆ వీరణం సంగతి మాత్రం నువ్వు పెద్దది చేస్తున్నావు. ఆయన అడిగాడు, పట్టుకోవడం చూపించాను, రెండు ఫొటోలు దిగాడు, మళ్ళీ చుట్టిపెట్టాను. ఆయన నిజంగా వచ్చి కొలుపులో పాడతాడా ఏంది? ఫొటో కోసం కొట్టింది కూడా ఒక దెబ్బేనా?

శివకృష్ణ బావను అడిగానని చెప్పు.

కాటమరాజు

*

కురిచేడు,
14 ఫిబ్రవరి 2025.

అన్నకు,

ఆశీస్సులు అందాయి. పక్కన పెట్టాను.

ఏ పార్టీవాడితోనూ నేను మాట్లాడలేదు. వాళ్ళకు నా అవసరం ఏముంది? వెలిగండ్లలో వాళ్ళంతట వాళ్ళే అమ్మ ఫొటోకు పాలాభిషేకం చేశారు. కెమెరాలు వచ్చేదాకా పాల ప్యాకెట్లు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారట. అదే వెలిగండ్లలో అమ్మ పొద్దుగుంకేదాకా పాడి గొంతు బొంగురుపోతే వీళ్ళలో ఒక్కడు గ్లాసుడు టీ ఇచ్చిన పాపాన పోలేదు. నీ కరుణాకరం ఆమెను బతికున్నట్టు మాట్లాడాడు, వీళ్ళేమో ఆమె చచ్చిపోయాకే పుట్టినట్టు మాట్లాడుతున్నారు. అందరూ ఒకటే. కింద కామెంట్లు పెట్టేవాళ్ళు కూడా. "జోహార్ రోశమ్మ" అని పెట్టి దాని పక్కనే పడీపడీ నవ్వే బొమ్మ పెడతారు. సిగ్గులేని పుటక.

నేను దెబ్బ గురించి అడిగితే నువ్వు మాట గురించి రాస్తావు. పెద్దదినం నాడు ఏం జరిగిందో నీకు తెలియదు, నువ్వు గేటు అవతల ఫోన్లో ఉన్నావు. నేను తలకు పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని నిలబడ్డాను. మామ గొంగడి మూట తెచ్చి అందరి మధ్యా పెట్టాడు. నేను చేతులు చాచాను.

"ఆగు తల్లీ," అన్నాడు మామ. "ఇది ముందే మోగింది. మోగినదాన్ని నీకెట్ల ఇచ్చేది?"

"మామా, అమ్మ నీ ముందరే చెప్పింది గదా!"

"చెప్పింది. నేను కాదన్ననా? మొదటి దెబ్బ ఇంకొకరిదైపోయె. వాడు వదులుకోవాల. వాడు వదలకుండా నీ చేతికిస్తే రేపు మందకు ఏదైనా అయితే ఎవురు పూచీ?"

చాచిన చేతులు వెనక్కి తీసుకోవడం ఎట్లా ఉంటుందో నీకు తెలియదు. అంతమంది ఆడవాళ్ళు చూస్తుండగా! అప్పుడు నీతో మాట్లాడితే నీ గొంతు పట్టుకునేదాన్ని, అందుకే పక్కకు తిరిగాను.

మామ చెప్పిన దారి ఒక్కటే ఉంది. మార్చిలో మన ఊళ్ళో గంగమ్మ కొలుపు. మొదటి దెబ్బ కొట్టినవాడు చెప్పుల్లేకుండా వచ్చి, మందవాళ్ళందరి ముందర ఆ వీరణం గంగమ్మ దగ్గర దించి "నాకు రాదు" అనాలి. ఆ రెండు మాటలే. అంటే నేను తీసుకుంటాను. అనకపోతే వాడే పాడాలి. పాడనూ పాడక, అననూ అనకపోతే మన ఇంటి పాట అంతటితో మూత. ఇక బ్లౌజులు కుట్టుకుంటూ నాలో నేను గొణుక్కోవడమే, మంద ముందర నోరు తెరవకూడదు.

నాకు ఆయన క్షమాపణ వద్దు, శాలువా వద్దు. తీసుకొచ్చి ఆ రెండు మాటలు అనిపించు. చెడగొట్టింది నువ్వు, బాగుచెయ్యాల్సింది నువ్వే.

ఉష

*

మార్కాపురం,
20 ఫిబ్రవరి 2025.

ఉషకు,

కాస్త చల్లబడు, అన్నీ సర్దేశాను.

ఆయన క్షమాపణ వీడియో పెట్టాడు, చూసే ఉంటావు. "ఎవరి మనోభావాలైనా గాయపడి ఉంటే చింతిస్తున్నా" అన్నాడు. అంత పెద్దమనిషి అంతమాత్రం అనడం తక్కువేం కాదు. దానికీ వంకలు పెట్టేవాళ్ళు ఉన్నారనుకో. "గాయపడి ఉంటే ఏంది, వందేళ్ళ తర్వాత చెప్తాం" అని కామెంట్లు. వాళ్ళను ఎవడూ మెప్పించలేడు.

అసలు సంగతి ఇది. మార్కాపురంలో అమ్మ విగ్రహం పెట్టిస్తానని ఆయన ప్రకటించాడు. చేతిలో మైకుతో, నిలబడి పాడుతున్నట్టు. నమూనా బొమ్మ నేనే కంప్యూటర్‌లో చేశాను, చాలా బాగా వచ్చింది. వీరణాన్ని పార్టీ ఆఫీసులో అద్దాల పెట్టెలో పెడతారు, వచ్చేపోయే ప్రతివాడూ దండం పెట్టుకునేటట్టు. పెద్దదినం తర్వాత అది అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది కదా, కొలతల కోసం నిన్ననే అక్కడికి పంపాను. దానికి ఇంతకంటే గౌరవం ఏముంటుంది?

రేపు పేపర్లో ఒక ప్రకటన వస్తుంది. "మా కుటుంబానికి ఎలాంటి బాధా లేదు, కొందరు కావాలని రాద్ధాంతం చేస్తున్నారు" అని. నా పేరూ నీ పేరూ పెట్టాను. నీ పేరు లేకపోతే నువ్వు అవతలివాళ్ళతో చేరావనే మాట నిజమైపోతుంది, నీ మంచికే పెట్టాను. నీ ఫొటో అడిగితే మీ పెళ్ళి ఆల్బమ్‌లోది ఇచ్చాను.

ఆ రెండు మాటలంటావా, అది కుదిరేది కాదమ్మా. మాటల్లో మాటగా కదిపి చూశాను. "నాకు రాదు అని నేననాల్నా? ఎలక్షన్లు పెట్టుకుని?" అని నవ్వాడు. నిజమే కదా. రోడ్డు ఎట్లా వెయ్యాలో ఆయనకు రాదు, నీళ్ళు ఎట్లా తేవాలో రాదు, ఏం రాకపోయినా వచ్చని చెప్తేనే కదా ఆయన నాయకుడు. ఓబులయ్య మామకు నేను సర్దిచెప్తాలే. ముసలాయన, నాలుగు మాటలు మంచిగా చెప్తే వింటాడు.

ఇక కోపం దించుకో.

కాటమరాజు

*

కురిచేడు,
23 ఫిబ్రవరి 2025.

కాటమరాజుకు,

నా పేరు ఎవరిని అడిగి పెట్టావు?

మొన్న పొద్దున్నే పక్కింటావిడ పేపరు పట్టుకుని వచ్చింది. "నీకేం బాధ లేదంట గదా ఉషా, మరి ఫోన్లో ఎందుకు అట్ల తిట్టినావు" అని అడిగింది. ఏం చెప్పను? నా పెళ్ళి ఫొటో, కింద నా పేరు, దాని కింద నేను జన్మలో అనని మాట. అమ్మ చచ్చిపోయిందని ఏడ్చే హక్కు కూడా లేకుండా చేశావు. బాధ లేదట! నువ్వెవరు నా బాధ లేదనడానికి? నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఇంత కోపం రాలేదు.

ఆ విగ్రహం బొమ్మ శివకృష్ణ ఫోన్లో చూపించాడు. అమ్మ చేతిలో మైకు! ఆమె ఏనాడు మైకు ముట్టుకుంది? మైకు పెడతామంటే "నాకేం రోగం, మందకు వినపడితే చాలు" అనేది నీకు గుర్తులేదా? చేతిలో ఉండాల్సింది తీసుకెళ్ళి అద్దాల పెట్టెలో పెడతావు, లేనిది చేతిలో పెడతావు. నువ్వు చూపించే గౌరవమంతా ఇట్లాగే ఏడుస్తుంది.

ఈ ఉత్తరం అందిన రెండు రోజుల్లో వీరణం ఓబులయ్య మామ ఇంట్లో ఉండాలి. లేకపోతే నేనే మార్కాపురం వచ్చి, ఆ ఆఫీసు ముందు కూర్చుని, బాధ ఉందో లేదో ఊరందరికీ వినపడేటట్టు చెప్తాను. అప్పుడు ఎవరైనా రికార్డు చేసుకోండి.

ఉషారాణి

*

మార్కాపురం,
3 మార్చి 2025.

ఉషా,

వీరణం మామ ఇంటికి చేర్చాను. ఆఫీసులో అడ్డం పడితే తోసుకుని తెచ్చాను. పేరు పెట్టింది నా తప్పే, దానికి సాకులు చెప్పను. కానీ ఈ ఉత్తరం దాని కోసం కాదు.

మామ నన్ను కూర్చోబెట్టి మనవడి ఫోన్ తెమ్మన్నాడు. అవతలి పార్టీ కుర్రాళ్ళు ఆ సభ వీడియోను మెల్లగా నడిపి, కరుణాకరం మొహం పెద్దది చేసి ఒక రీలు పెట్టారు, ఆయన నోరు తెరవడం చూసి నవ్వుకోవడానికి. మామ ఆ మొహం చూడలేదు. "మొదట్నుంచి పెట్రా" అన్నాడు. గొంగడి విప్పడం ఉంది. తర్వాత ఒక చెయ్యి వీరణం మీద పడుతుంది, ముందు అరచేత్తో, తర్వాత పుల్లతో. "ఇట్ల సార్, ఇట్ల కొట్టాల" అని గొంతు. ఆ తర్వాతే దాన్ని ఆయన మెడలో వేయడం.

"ఈ చెయ్యి ఎవురిది అల్లుడా?" అన్నాడు మామ.

నా ఉంగరం నాకే కనపడింది. ఒట్టు ఉషా, నాకు ఆ సంగతి గుర్తే లేదు. పట్టుకోవడం చూపించాననే అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఊరంతా ఆయన్ని తిట్టింది, నువ్వూ తిట్టావు, నేనూ లోపల తిట్టుకున్నాను. మొదటి దెబ్బ నాది.

అది బయటికి పొక్కింది. కరుణాకరం నన్ను పిలిపించి కౌగిలించుకున్నాడు. "ఇంకేంది కాటమా! కొడుకువి నువ్వుండగా నాకెందుకు ఈ గోల? కొలుపులో నువ్వే పాడు. స్టేజీ నేనేయిస్తా, సాంస్కృతిక విభాగం పదవి నీకే" అన్నాడు. మన పెద్దల్లో కూడా కొందరు అదే అంటున్నారు, మగపిల్లవాడు ఉండగా ఆడబిడ్డకెందుకు అని. మామ మాత్రం ఆ మాట అనలేదు. "వస్తే పాడు. రాకపోతే రాదను. గంగమ్మ ముందర నిజం చెప్పు" అన్నాడు.

ఆ నిజంతోనే నాకు చిక్కొచ్చి పడింది. నాకు వచ్చు. నీకు తెలుసు. చిన్నప్పుడు ఇద్దరం అమ్మ వెనక నిలబడేవాళ్ళం. నీకంటే నా గొంతే బాగుంటుందనేది ఆమె. మార్కాపురం హాస్టల్లో గొర్రెల పాట అని వెక్కిరిస్తే మానేశాను. మొన్న మధ్యాహ్నం దుకాణం షట్టర్ దించుకుని పాడి చూశాను. ఒక్క చరణం మరచిపోలేదు. పాడుతుంటే ఏడుపొచ్చింది. అమ్మ పోయాక ఏడవడం అదే మొదటిసారి.

వచ్చినదాన్ని రాదని అమ్మవారి ముందర ఎట్లా అనేది? కొలుపుకు వస్తాను. ఏం చెప్తానో నాకే తెలియదు.

కాటమరాజు

*

కురిచేడు,
7 మార్చి 2025.

అన్నకు,

ఇప్పుడు గుర్తొచ్చిందా నిజం చెప్పాలని? బాధ లేదని నా పేరుతో పేపర్లో వేయించినప్పుడు ఏమైంది ఈ నిజం?

నీకు వచ్చు. కాదనను. నీ గొంతే బాగుండేది, అదీ కాదనను. అయితే ఏంటి? నువ్వు సిగ్గుపడి వదిలేసిన దాన్ని నేను పట్టుకున్నాను. కురిచేడు నుంచి బస్సులు మారి, చంకలో బిడ్డతో కొలుపులకు పోయాను. వానలో అమ్మకు గొంతు పట్టేస్తే మధ్యలో చరణం అందుకున్నది నేను. ఆయాసమొచ్చిన చివరి ఏడాది సగం పాట నాదే, జనానికి తెలియకుండా. అప్పుడు నువ్వు కరుణాకరం పుట్టినరోజు ఫ్లెక్సీలు కొడుతున్నావు. షట్టర్ దించుకుని ఒకసారి పాడితే పాట నీదైపోతుందా?

ఆడబిడ్డకెందుకు అనే పెద్దమనుషులను అడుగు, మరి అమ్మ ఎవరని. ఆమె చేత ఇన్నేళ్ళు ఎట్లా పాడించుకున్నారని. ఆమె ముందర అనే దమ్ము ఒక్కడికి ఉండేదా?

నాకు భయంగా ఉంది, అది కూడా రాస్తున్నాను. నిన్ను తిట్టుకుంటూ మిషన్ తొక్కుతున్నాను, కుట్లు వంకరపోతున్నాయి, విప్పి మళ్ళీ కుడుతున్నాను. నీ దారికి అడ్డం రాను, కొలుపుకు వస్తాను, ఒక పక్కన నిలబడతాను. నువ్వు పాట ఎత్తుకుంటే అక్కడి నుంచే వెనక్కి తిరుగుతాను. శాపనార్థాలు పెట్టను. ఆ తర్వాత నాకు అన్న లేడంతే.

ఉష

*

కురిచేడు,
18 మార్చి 2025.

అన్నకు,

నువ్వు అబద్ధాలకోరువి.

నాకింకా ఒళ్ళు మండుతూనే ఉంది. కొలుపు దగ్గర ఆ స్టేజీ ఏంటి, ఆ లైట్లేంటి, "రోశమ్మ వారసుడు" అని నీ బొమ్మతో ఆ ఫ్లెక్సీ ఏంటి? ముందు వరసలో కరుణాకరం కుర్చీ, ఆయన చుట్టూ ఫోన్లు పట్టుకున్న మూక. గొర్రెలు బెదిరి దడి వైపు తోసుకుంటుంటే పట్టించుకున్నవాడు లేడు. నువ్వు చెప్పుల్లేకుండా వచ్చావు, వీరణం మెడలో వేసుకున్నావు. ఇక అయిపోయింది అనుకుని చెంగు బిగించి తిరగబోయాను కూడా.

అప్పుడు దాన్ని తీసి గంగమ్మ దగ్గర దించావు. మైకువాడు పరుగెత్తుకొచ్చి నీ నోటి దగ్గర పెట్టాడు.

"నాకు రాదు."

నిన్ను చిన్నప్పుడు అమ్మ వెనక చూసిన ముసలమ్మలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కరుణాకరం కుర్చీలోంచి లేచి, "సిగ్గుపడాకురా కాటమా, పాడు, పాడు! అందరూ చప్పట్లు!" అన్నాడు. ఆ మనిషికి ఎన్ని అవమానాలైనా ఆ ఒక్కటే వచ్చు.

"నాకు రాదు సార్," అన్నావు మళ్ళీ. "మీకూ రాదు. వచ్చిన మనిషి ఆడ నిలబడి ఉంది."

మామ నీ వంక ఎంతసేపు చూశాడో! ఆయనకు తెలుసు. నీకు వచ్చని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా తల దించుకుని "సరే, వదిలినాడు" అన్నాడు, నన్ను రమ్మని చెయ్యి చూపించాడు.

మాధవి వదిన నిన్న మా ఆయనకు ఫోన్ చేసి అంతా చెప్పింది. నిన్ను పార్టీ గ్రూపుల్లోంచి తీసేశారట, ఫ్లెక్సీల ఆర్డర్లు వేరే దుకాణానికి పోయాయట. వందేళ్ళ రీలు పాతబడి, ఇప్పుడు "మీకూ రాదు" రీలు తిరుగుతోందట. నిన్ను సింహం అనేవాళ్ళూ ఉన్నారు, తిన్నింటివాడికి ద్రోహం చేశాడనేవాళ్ళూ ఉన్నారు. మొన్నటిదాకా అమ్మను, నిన్నటిదాకా కరుణాకరాన్ని, ఇవాళ నిన్ను నములుతున్నారు. వాళ్ళ నోళ్ళు పడిపోను. ఒక్కదానికీ జవాబివ్వకు.

ఇప్పుడు నా గొడవ విను. మొదటి దెబ్బ నేను కొట్టాను, పాడాను. మొదటి చరణం బాగానే పోయింది. మూడో చరణం చివర గుక్క తిప్పుకునే చోట, వంత అందుకుంటారని ఆగాను. ఎవరూ అందుకోలేదు. ఎందుకు అందుకుంటారు, ఇన్నేళ్ళూ అక్కడ అందుకునేది నేనే కదా. వెనక్కి తిరిగి చూశాను. నువ్వు అవతల గొర్రెల దడి పట్టుకుని నిలబడి ఉన్నావు. నీ పెదవులు కదులుతున్నాయి. గొంతు మాత్రం బయటికి రానివ్వలేదు. ఎట్లాగో ఊపిరి బిగబట్టుకుని నేనే లాక్కొచ్చాను.

అమ్మవారి ముందర అబద్ధం చెప్పావు, దానికి నువ్వు తప్పు కట్టాల్సిందేనని మామతో గట్టిగా అన్నాను. ఏం కట్టాలో నన్నే చెప్పమన్నాడు, చెప్పాను. ఉగాది తర్వాత గిద్దలూరు వైపు కొలుపు ఉంది. వచ్చి నా వెనక నిలబడు. ముందు నిలబడి పాడటం రాదన్నావు గానీ, వంత రాదని నువ్వు ఎవరితోనూ అనలేదు.

నా కోపం తగ్గిందనుకోకు, పిసరంత కూడా తగ్గలేదు. కానీ మూడో చరణంలో నాకు ఊపిరి చాలడం లేదు అన్నా. రా.

ఉష